బియర్డెడ్ డ్రాగన్‌కి డాక్టర్ దొరకట్లేదా?

అమెరికాలో పిల్లలు ముచ్చటపడి బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లిని తెచ్చుకుంటారు, అది తిండి మానేసిన రోజున దగ్గర్లోని క్లినిక్‌కి ఫోన్ చేస్తే మేం కుక్కల్నీ పిల్లుల్నే చూస్తాం అంటారు. అందుకే అది హుషారుగా ఉన్నప్పుడే డాక్టర్ని వెతికి పెట్టుకోండి. ఏఆర్‌ఏవీ అని సరీసృపాలు, ఉభయచరాలు చూసే పశువైద్యుల సంఘం ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో ‘ఫైండ్ ఎ వెట్’ నొక్కి మీ ప్రాంతంలో ఎవరున్నారో చూడొచ్చు. సభ్యత్వం ఉన్నంత మాత్రాన బాగా అనుభవం ఉందని కాదు, కాబట్టి ఫోన్‌లోనే నెలకి ఎన్ని బియర్డెడ్ డ్రాగన్లు వస్తాయి, ఫీజెంత, మల పరీక్ష అక్కడే చేస్తారా అని అడిగేయండి.

వెళ్లే రోజు తాజా మలం కొంచెం జిప్ కవర్లో పట్టుకెళ్లండి, ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. దానికి ఎండలాంటి అతినీలలోహిత కాంతినిచ్చే యూవీబీ బల్బు వచ్చిన పెట్టె, అది ఉండే తొట్టె, అది వేడి కాచుకునే చోట థర్మామీటర్ రీడింగ్, వీటిని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. దాని జబ్బుల్లో చాలావాటికి వెలుతురు, వేడి సరిపోకపోవడం ఒక కారణం కాబట్టి డాక్టర్ అడిగేవి ఇవే, ఫొటోలుంటే ఇంకోసారి తిరగక్కర్లేదు.

అత్యవసరంలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వేడి కాచుకుంటూ నోరు తెరిస్తే మామూలే, చల్లటి మూలన కూడా నోరు తెరిచి ఊపిరి లాగుతున్నా, కాళ్లు వణుకుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, సరీసృపాలను చూసే 24 గంటల ఎమర్జెన్సీ ఆసుపత్రికి ఫోన్ చేస్తూనే బయల్దేరండి.