లాటే ఆర్ట్ పాఠాలు – 5: తోటివాళ్లతో పోటీ

లాటే ఆర్ట్ అంటే కాఫీ మీద నురగ పాలు పోస్తూ బొమ్మ వేయడం. హార్ట్ (గుండె ఆకారం), టులిప్ (పొరలు పొరలుగా పోసే పువ్వు ఆకారం) పోయడం వచ్చింది కాబట్టి ఈసారి కొత్త ఆకారం నేర్చుకోవడం లేదు. మీ కాఫీ షాపులో పనిచేసేవాళ్లంతా కలిసి ఒక చిన్న పోటీ పెట్టుకోండి. ఒక్కరే పోసుకుంటున్నప్పుడు కప్పులో లోపం కంటికి ఆనదు. పక్కన ఇంకో కప్పు పెట్టగానే తెలిసిపోతుంది.

అందరికీ ఒకే ఆకారం ఉండాలి. ఒకరు హార్ట్, ఇంకొకరు హంస పోస్తే ఎవరి పాలు బాగున్నాయో తేల్చలేం. మొదటి రౌండులో హార్ట్, తర్వాతి రౌండ్లలో మూడు పొరల టులిప్ పెట్టండి. ఇద్దరిద్దరు పోటీపడి, గెలిచినవాళ్లు ముందుకు వెళ్తారు. కప్పులు 200 మి.లీ.వి, పిచర్లు (పాలు వేడిచేసి పోసే ముక్కున్న జగ్గులు) 350 మి.లీ.వి తీసుకోండి. పాలు అప్పుడే విప్పిన, చల్లని, వెన్న తీయని పాలు. విప్పి రోజులు గడిచిన పాలలో నురగ నిలవకపోవచ్చు. ఎస్ప్రెస్సో (మెషీన్ ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీ) అందరికీ ఒక్కరే తీయాలి: 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25–30 సెకన్లలో. క్రీమా (ఎస్ప్రెస్సో పైన తేలే గోధుమ రంగు నురగ) తేడాగా ఉంటే పోసిన చేతిని తప్పుపట్టడానికి లేదు.

ముగ్గురు న్యాయనిర్ణేతలు చాలు. పోసేటప్పుడు వాళ్లు అటు తిరిగి ఉండాలి, ఏ కప్పు ఎవరిదో తెలియకూడదు. ఒకటి, రెండు, మూడు అనగానే ముగ్గురూ ఒకేసారి వేలు చూపించాలి. అప్పుడే ఒకరిని చూసి ఇంకొకరు మాట మార్చరు. ప్రపంచ లాటే ఆర్ట్ పోటీల్లోనూ నురగ నాణ్యత, తెలుపు–గోధుమ రంగుల తేడా, బొమ్మ కప్పులో కుదిరిన చోటు చూస్తారు. మా లెక్కలో మొదటి స్థానం నురగదే. పైభాగం తడి పెయింటులా మెరవాలి, కంటికి బుడగ కనిపించకూడదు.

ఇలాంటి పోటీలో ఎక్కువ కప్పులు చెడేది ఎదురుచూపు వల్లే. ఒకరి పాలు సిద్ధమై, రెండోవాళ్ల కోసం ఆగితే అర నిమిషం లోపే నురగ పైకి, పాలు కిందికి విడిపోతాయి. ముందు పలచని పాలు జారి, చివర్లో నురగ ముద్దలా పడుతుంది. మెషీన్‌కు స్టీమ్ వాండ్ (పాలలోకి ఆవిరి వదిలే గొట్టం) ఒక్కటే ఉంటే ఎవరి పాలు అయిన వెంటనే వాళ్లు పోసేయాలి. పోయగానే పై నుంచి ఫోటో తీసి, ఫోటోలనే పోల్చండి. నిలవ ఉన్న కప్పులో అంచులు మసకబారతాయి.

పాలలోకి గాలి మొదటి 3–5 సెకన్లలోనే, పిచర్ చేతికి చల్లగా తగులుతున్నంతలోనే ఎక్కించాలి. తర్వాత వాండ్ కొనను కాస్త లోపలికి దించి, సుడి తిరిగేలా ఉంచి 55–60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపండి. పిచర్‌ను బల్లకు ఒకసారి తట్టి, తిప్పుతూనే పోయడం మొదలుపెట్టండి.

ఓడిన కప్పును పారబోయకుండా చూడండి, కారణం అందులోనే ఉంటుంది. తెలుపు అసలు తేలకపోతే పిచర్ ఎత్తులో ఉండిపోయింది, లేదా గాలి చాలలేదు. ఆకారం మొదలుపెట్టేటప్పుడు పిచర్ ముక్కు కాఫీకి దాదాపు తగిలేంత దగ్గరగా రావాలి. తెల్లగా గడ్డకట్టినట్టు, అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే గాలి ఎక్కువైంది. ఆకారం మొదలుపెట్టక ముందే పైన తెల్ల మచ్చలు తేలాయంటే తొలి ధారను మరీ దగ్గర నుంచి పోశారు. అది 7–8 సెం.మీ. ఎత్తు నుంచి, సన్నగా పడాలి. హార్ట్ ఒక పక్కకు ఒరిగితే, కప్పును వంచి పట్టుకుని, నిండుతున్న కొద్దీ నిటారు చేయడం మరిచారన్నమాట. చేయి వణికేవాళ్లు పిచర్‌ను కప్పు అంచుకు ఆనించి పోయవచ్చు, అది తప్పేం కాదు.

పోటీకి ముందు పాలు వృథా కాకుండా స్టీమింగ్ సాధన చేయాలంటే చల్లని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయండి. సుడి, చప్పుడు, నురగ చాలావరకు పాలలాగే వస్తాయి. అది తాగేది కాదని పిచర్ మీద రాసిపెట్టండి. సాధన అయ్యాక పిచర్‌ను, వాండ్‌ను సబ్బు జాడ లేకుండా కడిగి తుడవాలి.

వచ్చే పాఠంలో రొసెట్టా (ఆకు ఆకారం). అప్పటిదాకా టులిప్‌లో మూడు పొరలూ విడివిడిగా నిలిచేలా పోయండి.