భుజాన తుపాకి, ఎదురుగా ఎలుగ్గొడ్డు: మామిడి కాపలాకు ముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

తోతాపురి కోతలు దగ్గర పడేసరికి శేషాచలం అంచున ఉన్న తోపుల్లో రాత్రి కాపలాలు మొదలవుతాయి. చంద్రగిరి, భాకరాపేట, యర్రావారిపాలెం వైపు అంతే, పలమనేరు, కుప్పం దగ్గర కౌండిన్య అడవి పక్కన కూడా అంతే. అడవి పందుల బాధ పడలేక పంట రక్షణకని లైసెన్సు తీసుకున్న తుపాకి కొందరి దగ్గర ఉంటుంది. అది చేతిలో ఉందన్న ధైర్యంతో, మామూలుగా అయితే వెనక్కి తిరిగే చోట కూడా ముందుకు పోతారు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. ఎలుగు నుంచి కాపాడేవి దూరం, వెలుగు, చప్పుడు. ఈ మూడూ చూసుకోకుండా తుపాకిని నమ్ముకుంటే, అది అక్కరకు రావడం అటుంచి పక్కవాడికి ప్రమాదం తెస్తుంది.

ముందు కాగితాలు

మొదట లైసెన్సు తీసి చదవండి. గడువు ఎప్పటిదాకా ఉందో, ఏ హద్దుల్లో చెల్లుతుందో చూడండి. యజమాని పేరున ఉన్న తుపాకిని కాపలా మనిషి చేతికిచ్చి రాత్రి తోపులో వదిలేయడం నేరం. అతని పేరు రిటైనర్‌గా, అంటే యజమాని తరఫున తుపాకి పట్టే మనిషిగా, లైసెన్సులో ఎక్కి ఉండాలి. అభయారణ్యానికి పది కిలోమీటర్లలోపు నివసిస్తూ తుపాకి లైసెన్సు ఉన్నవాళ్లు అటవీశాఖ దగ్గర కూడా పేరు నమోదు చేయించుకోవాలని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. అటవీశాఖ రేంజి ఆఫీసుకు వెళ్లి అడగండి.

ఎలుగుబంటి ఆ చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. వేటాడితే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడొచ్చు. ప్రాణం కాపాడుకోవడానికి, ఇంకొకరి ప్రాణం కాపాడటానికి మంచి ఉద్దేశంతో కాల్చితే నేరం కాదని 11వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే. అయితే ఆ వెంటనే ఒక షరతు ఉంది: ఆ సమయానికి మీరే చట్టాన్ని ఉల్లంఘించే పనిలో ఉంటే ఆ రక్షణ మీకు రాదు. అభయారణ్యంలోకి, నేషనల్ పార్కులోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధం తీసుకెళ్లడమే ఉల్లంఘన. అంటే కంచె దాటి అడవిలోకి తుపాకితో దిగిన క్షణంలోనే మీ వైపు న్యాయం బలహీనపడుతుంది. తుపాకి తోపు గట్టు దాటకూడదు. తప్పిపోయిన ఆవును వెతకడానికైనా సరే, తేనెకైనా సరే, దాన్ని ఇంట్లో పెట్టే వెళ్లండి.

మన ఎలుగు తీరు వేరు

ఫోనులో కనిపించే అమెరికా వీడియోల్లోని సలహాలు ఇక్కడ పనికిరావు. అక్కడి ఎలుగులు వేరు, తుపాకులు వేరు, చట్టం వేరు. అసలు అక్కడ కూడా తుపాకి అంత గట్టి భరోసా కాదని తేలింది. అలాస్కాలో 1883 నుంచి 2009 వరకు తుపాకి ఉన్నవాళ్లకు ఎలుగులు ఎదురైన 269 ఘటనలను పరిశోధకులు లెక్కతీశారు. దగ్గరి నుంచి ఎదురైనప్పుడు తుపాకి వాడినవాళ్లకూ, వాడనివాళ్లకూ గాయాల రేటులో తేడా కనపడలేదు.

మన ఎలుగుకు వాసన పసిగట్టే శక్తి చాలా ఎక్కువ, చూపూ వినికిడీ అంతంతమాత్రం. చెదల పుట్ట తవ్వి మూతి లోపల పెట్టి పీల్చేటప్పుడు దాని చప్పుడే దానికి అడ్డం. గాలి మీ వైపు వీస్తుంటే మీ వాసన అందదు. అలా ఏమీ తెలియని ఎలుగుకు పది గజాల దూరంలో హఠాత్తుగా మనిషి కనిపిస్తే అది పారిపోవడానికి ఆలోచించదు, మీద పడుతుంది. పులితో కలిసి బతికిన జాతి, ఎదురు తిరగడమే దాని ఆత్మరక్షణ. గోళ్లు మూడు అంగుళాల దాకా ఉంటాయి. ఎక్కువ గాయాలు తలకూ ముఖానికీ తగులుతాయి.

ఈ కాలంలో ఇంకో చిక్కు ఉంది. పిల్లలు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో గవుల్లో (గుహల్లో) పుడతాయి, రెండు మూడు నెలలకు బయటికి వస్తాయి. మామిడి పండే నాటికి తల్లి వీపు మీద ఎక్కి తిరుగుతుంటాయి. చీకట్లో వీపు మీది పిల్ల కనపడదు, తల్లి ఒక్కటే అనుకుంటారు. అదీగాక ఎండలకు కొండమీది దొనలు (రాతి నీటిగుంటలు) ఎండిపోతే నీళ్ల కోసం కిందికి దిగుతాయి. ఈత పండ్లు, నేరేడు, రాలిన మామిడి పండ్లు, అన్నీ ఒకే చోట దొరికేది అడవి అంచునే.

తోపును ముందే సిద్ధం చేయండి

రాలిన పండు పొద్దు కుంకకముందే ఏరి దూరంగా గుంతలో పూడ్చండి. ఎలుగును రప్పించేది చెట్టు మీది కాయకన్నా కింద మగ్గిన పండు వాసన. గుడిసె చుట్టూ ఇరవై అడుగుల మేర కంప, బోద గడ్డి నరికేయండి. బావి దారి, దొడ్డికి వెళ్లే దారి కూడా అంతే శుభ్రంగా ఉండాలి. ఎందుకంటే తెల్లవారుజామున చెంబు పట్టుకుని ఒక్కడే వెళ్లే సమయమే అన్నింటికన్నా ప్రమాదం. ఆ పనికి కూడా టార్చి, కర్ర, దగ్గుతూ మాట్లాడుతూ వెళ్లడం అలవాటు చేసుకోండి.

గుర్తులు చదవడం నేర్చుకోండి. పుట్టకు జానెడు, మూరెడు లోతున కొత్త బొరియ, తడి మట్టి పక్కన చిమ్మి ఉందంటే రాత్రి వచ్చి వెళ్లిందన్నమాట. పెంటలో ఈత గింజలు, చీమల తునకలు కనిపిస్తాయి. అడుగు మనిషి పాదంలా వెడల్పుగా ఉండి ముందు గోళ్ల గుంటలు విడిగా పడతాయి. ఇవి కనపడిన మూలకు ఆ రాత్రి ఎవరినీ ఒంటరిగా పంపొద్దు. పగలైనా బండల సందుల్లోకి, లాంటానా పొదల్లోకి తొంగి చూడొద్దు, పగటి నిద్ర అక్కడే.

నేల మీద పడుకోవద్దు, మంచె మీద పడుకోండి. ఎలుగు చెట్టెక్కగలదు కాబట్టి మంచె కోట కాదు. కానీ నిద్రలో ఉన్నవాడి మీద అది తూలిపడే అవకాశం పోతుంది. కుక్కను రాత్రి కట్టేయండి. వదిలిన కుక్క ఎలుగును రెచ్చగొట్టి, భయపడి యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, వెనకే ఎలుగు వస్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కాపలా కాయడం మానుకోవాలి.

కరెంటు తీగలు లాగడం, నాటు బాంబులు పెట్టడం గురించి ఒకే మాట: వద్దు. చిత్తూరు అడవుల పక్కన ఏనుగులు తీగలకు చచ్చాయి. రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషికీ ఆ తీగ అదే పని చేస్తుంది.

తుపాకి తెచ్చే ప్రమాదాలు

లెక్క చూడండి. ఎలుగు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకున్నా, 20 మీటర్ల దూరం రెండున్నర సెకన్లలో దాటేస్తుంది. ఆలోగా తుపాకి భుజం మీంచి దించాలి, సుత్తి వెనక్కి లాగాలి, చీకట్లో గురి చూడాలి. గొట్టం ముందు నుంచి మందు కూరే నాటు తుపాకి అయితే దొరికేది ఒక్క దెబ్బ. అది తప్పితే మళ్లీ మందు పోసి, గుండ్లు వేసి, కూరి, కేపు (సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న మూత) పెట్టేదాకా ఎలుగు ఆగదు. పిట్టలకూ పందులకూ వేసే సన్న రవ్వలు (చిన్న గుండ్లు) దాని దట్టమైన జుట్టులో, కొవ్వులో ఆగిపోతాయి, చావదు, నొప్పితో పిచ్చెక్కుతుంది. గాయపడ్డ ఎలుగు అదే పొదలో ఉండిపోయి, తెల్లారి చెనక్కాయల చేనుకు కలుపు తీయడానికి వెళ్లే ఆడవాళ్ల మీద పడితే దానికి కారణం రాత్రి పేలిన తుపాకే.

చీకట్లో నల్లటి ఆకారాన్ని చూసి కాల్చడం క్షమించరాని పని. నల్ల కంబళి కప్పుకుని కూర్చున్న మనిషి, పొదలో మేసే దూడ, ఎలుగు, మూడూ ఒకేలా ఉంటాయి. వెలుగు పడి, తల ఎటు, కాళ్లు ఎటు, వెనక ఏముంది అన్నీ తెలిశాక తప్ప వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. అందుకే తుపాకి ఉన్న మనిషి పక్కన దీపం పట్టే మనిషి వేరే ఉండాలి. ఒక్కడే రెండు పనులూ చేయలేడు. తలకు కట్టుకునే లైటు ఉంటే కొంత నయం.

మందు కూరిన తుపాకితో మంచె ఎక్కొద్దు, దిగొద్దు. చెట్టుకు ఆనించి నిలబెట్టొద్దు. కేపు జేబులో వేరుగా ఉంచండి, అవసరం వస్తుందని తెలిసినప్పుడే పెట్టండి. జూన్ జల్లులకు మందు తడిస్తే సుత్తి పడ్డా పేలదు. అప్పుడు వెంటనే గొట్టంలోకి చూడటం, ఊదడం ప్రాణాంతకం, ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. గొట్టాన్ని మనుషులు లేని వైపు పెట్టి రెండు నిమిషాలు కదలకుండా ఉండండి. ఒకసారి పేలాక గొట్టంలో నిప్పు కణం మిగలొచ్చు కాబట్టి పెద్ద డబ్బాలోంచి నేరుగా మందు పోయొద్దు. పక్కన బీడీ అసలే వద్దు.

ఎదురైతే

వంద మీటర్ల అవతల కనిపిస్తే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. యాభై మీటర్లలోపు ఉండి మిమ్మల్ని చూడకపోతే చప్పుడు చేయకుండా, వీపు చూపకుండా, మెల్లగా వెనక్కి నడవండి. చూసి వెనక కాళ్ల మీద లేచి నిలబడితే అది దాడి కాదు, ఎవరో తెలుసుకోవడానికి చూస్తోంది. మెల్లగా మాట్లాడుతూ పక్కకు జరుగుతూ దానికి దారి ఇవ్వండి. దూరంగా తోపులో తింటుంటే మంచె మీంచే డబ్బా వాయించండి, లైటు వేయండి, నలుగురూ కలిసి కేక వేయండి. పారిపోవడానికి ఒక వైపు ఖాళీగా వదలండి. నాలుగు వైపులా చుట్టుముడితే అది మనిషి మీదుగానే బయటపడుతుంది. ఎండు బోదలో టపాకాయలు వేయొద్దు, ఒక్క నిప్పురవ్వకు కొండంతా అంటుకుంటుంది.

మీదికి వస్తే పరుగెత్తొద్దు, మీకన్నా అది వేగం. గుంపుగా ఉంటే దగ్గరికి చేరి, కర్రలు ముందుకు చాచి అరవండి. చాలాసార్లు కొంత దూరం వచ్చి ఆగి వెనక్కి తిరుగుతుంది. మీద పడటం ఖాయమైతే తుపాకిని దూరంగా విసిరేసి బోర్లా పడుకోండి. వేళ్లు పెనవేసి మెడ వెనక పెట్టుకుని, మోచేతులతో ముఖం రెండు పక్కలా కప్పుకోండి. అది వెళ్లిపోయిందని రూఢి అయ్యేదాకా లేవొద్దు.

పక్కవాడి మీద ఎలుగు పడి ఉంటే అటు కాల్చొద్దు. రవ్వలు చెదురుతాయి, కింద ఉన్న మనిషికి తగులుతాయి. వెలుగు ముఖాన కొట్టి, అరిచి, పొడుగాటి కర్రతో బాదితేనే విడిపించగలరు.

గాయమైతే

శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి, మాటిమాటికి తీసి చూడొద్దు. తల చర్మం ఊడి వేలాడుతుంటే కోయకుండా ఉన్నచోటే సర్ది కట్టండి. ముఖం నుంచి నెత్తురు కారుతుంటే వెల్లకిలా పడుకోబెట్టకుండా ముందుకు వంచి కూర్చోబెట్టండి, లేకపోతే నెత్తురు గొంతులోకి పోయి ఊపిరి ఆగుతుంది. కన్ను దెబ్బతింటే అదమకుండా పైన గుడ్డ కప్పండి. కాఫీ పొడి, పసుపు, సున్నం ఏదీ పెట్టొద్దు. నెత్తురు అదుపులో ఉండి బండి రావడానికి సమయం ఉంటే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. గోరు గీసినా, పన్ను దిగినా రేబీస్ టీకాతో పాటు గాయంలోనే ఇచ్చే రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్ మందు, ధనుర్వాతం సూది అవసరమవుతాయి. కుట్లు వేయకముందే ఈ మాట డాక్టరుకు గుర్తుచేయండి.

తుపాకి పేలి ఉంటే, ఎలుగుకు తగిలినా తగలకపోయినా, అదే రోజు రేంజి ఆఫీసుకూ పోలీసు స్టేషనుకూ చెప్పండి. చచ్చిన ఎలుగు ప్రభుత్వ ఆస్తి, గోరు గానీ జుట్టు గానీ తీశారంటే ఆత్మరక్షణ వాదన పోయి వేట కేసు అవుతుంది. గాయపడి తప్పించుకుని ఉంటే నెత్తుటి జాడ పట్టుకుని వెతకబోవద్దు. జాడ ఎక్కడ మొదలైందో అక్కడ ఒక గుడ్డ కట్టి, సిబ్బంది వచ్చేదాకా ఆ పక్క చేన్లకు ఎవరూ వెళ్లకుండా ఊళ్లో దండోరా వేయించండి.