అలల అంచనా – 5వ పాఠం: మొగ దగ్గర

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క. 1.4 మీటర్లు, 8 సెకన్ల అల ఒకటి, 1.2 మీటర్లు, 14 సెకన్ల అల ఇంకొకటి. ఏది బలమైనది? ఎత్తును ఎత్తుతో గుణించి, దాన్ని పీరియడ్‌తో (ఒక అల వెనక ఇంకో అల రావడానికి పట్టే సెకన్లు) గుణించండి. మొదటిదానికి 15.7 వస్తుంది, రెండోదానికి 20.2. పొట్టిదే గట్టిది. ఎత్తు చూసి మొదటిదాన్ని ఎంచుకున్నవాళ్ళు 3వ పాఠం మరోసారి తిరగేయండి, ఈ రోజు దానితో పని పడుతుంది.

సర్ఫింగ్‌కు అలలను అంచనా వేయడం గురించి ఇంతవరకూ మనం చదివినదంతా తిన్నని ఇసుక తీరం మీదే. స్వెల్ (దూరపు తుఫాను నుంచి సాగి వచ్చే అల) ఎంత, ఎటునుంచి, గాలి ఎలా ఉంది – ఈ మూడూ చూస్తే సగం పని అయిపోయేది. ఈ పాఠంలో నది వచ్చి సముద్రంలో కలిసే చోటుకు, అంటే మొగ దగ్గరకు వెళ్తున్నాం. ఇక్కడ ఆ వరస తలకిందులవుతుంది. ముందు నది, తర్వాత ఆటుపోట్లు, ఆ తర్వాత గాలి. అల ఎత్తు అన్నింటికన్నా ఆఖరు. అలల అంచనా చెప్పే యాప్ తెరవగానే పెద్ద అక్షరాల్లో కనబడేది ఆ ఎత్తే కాబట్టి, ఇది అలవాటు కావడానికి కొంతకాలం పడుతుంది.

యాప్‌ను తప్పుపట్టడం కాదు. అది చెప్పే అంకె పది, పాతిక కిలోమీటర్ల గడులుగా సముద్రాన్ని కోసి వేసిన లెక్క. మీ మొగ ఆ గడిలో ఒక చుక్క కూడా కాదు. నది తెచ్చి పోసిన ఇసుక మేట ఎక్కడుందో, నిన్నటి వరదకు ఎటు జరిగిందో దానికి తెలియదు. తెలిసే దారీ లేదు.

మేట

నది ఒడ్డుల మధ్య ఉన్నంతసేపు నీటికి ఊపు ఉంటుంది, ఇసుకను మోసుకొస్తుంది. సముద్రంలోకి రాగానే నీరు విచ్చుకుని నెమ్మదిస్తుంది, మోత దించేస్తుంది. అలా మొగకు ఎదురుగా వంపు తిరిగిన ఒక మేట పడుతుంది. నది దాన్ని బయటికి తోస్తుంటే అలలు లోపలికి నెడుతుంటాయి. వానల్లో నదిది పైచేయి, ఎండల్లో అలలది. చిన్న నదులైతే ఎండాకాలంలో మొగ పూర్తిగా పూడిపోవడమూ ఉంది.

మంచి అల పుట్టేది ఈ మేట మీదే. లోతు నీటిలోంచి వచ్చిన అల మేట మీద నెమ్మదిస్తుంది, దానికి అటూ ఇటూ ఉన్న భాగాలు ఇంకా వేగంగానే వస్తాయి కాబట్టి అల మేట వైపు వంగుతుంది. బలమంతా ఒకచోట కుప్పపడి, మధ్యలో శిఖరంలా లేచి, రెండు పక్కలకీ విరుగుతుంది. పక్కనే తీరంలో మోకాలెత్తు ఉన్న రోజున మొగ దగ్గర నడుమెత్తు కనబడడం ఇందుకే.

మేట పోతే అల పోతుంది. స్పెయిన్‌లోని ముందాకా ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. యూరప్‌లో పేరున్న ఎడమ అల (దాని మీద ఉన్నవాడికి ఎడమ వైపు విరిగేది) అక్కడి నదీముఖంలో ఇసుక మేట మీదే విరుగుతుంది. 2003లో ఆ నదీముఖంలో ఇసుక తవ్వారు. మేట చెదిరింది, అల చచ్చిపోయింది. 2005లో అక్కడ జరగాల్సిన ప్రపంచస్థాయి సర్ఫింగ్ పోటీని రద్దు చేయాల్సి వచ్చింది. స్వెల్ మాత్రం ఎప్పటిలాగే వస్తూనే ఉంది! తర్వాత ఇసుక మెల్లగా చేరి అల తిరిగి వచ్చింది.

కాబట్టి మొదటి పని: బాగా అడుగంటిన ఆటు వేళ ఒకసారి వెళ్ళి గట్టు మీద కూర్చోండి. బోర్డు తీసుకెళ్ళకండి, తీసుకెళ్తే కూర్చోరు. తెల్లగా నురుగు ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడ అస్సలు విరగడం లేదు (అదే కాలువ, అంటే నది బయటికి పోయే లోతు దారి), కొంగ ఎక్కడ నిలబడింది – ఇవి నోట్‌బుక్‌లో గీసుకోండి. కొంగ కాళ్ళు మునిగిన మేరకు లోతు తెలిసిపోతుంది, ఇది వేళాకోళం కాదు. పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ ఈ బొమ్మ చింపేసి కొత్తది గీయాలి.

దిగే నీరు

పాఠంలో అసలు సంగతి ఇది. కాస్త నిదానంగా చదవండి.

ఆటు మొదలైనప్పుడు నది నీరూ, పోటుకు లోపలికి వెళ్ళిన సముద్రపు నీరూ కలిసి ఒకే ఇరుకు దారిలోంచి బయటికి వస్తాయి. ఎదురుగా అల వస్తోంది. ఎదురు ప్రవాహం తగిలిన అల పొడవు తగ్గి, ఎత్తు పెరిగి, నిటారుగా నిలబడుతుంది. ఇరుకు గుమ్మంలో ముందువాళ్ళు ఆగిపోతే వెనకవాళ్ళు వచ్చి మీదపడ్డట్టు. ప్రవాహం మరీ బలంగా ఉంటే అల ముందుకు రాలేక అక్కడే నిలిచి విరిగిపోతుంది.

ఎంత బలంగా ఉంటే? లోతు నీటి లెక్క ప్రకారం, అల వేగంలో నాలుగో వంతు వేగం ఎదురు ప్రవాహానికి ఉంటే ఆ అల ఆగిపోతుంది. అల వేగం సెకనుకు 1.56 మీటర్లను పీరియడ్‌తో గుణిస్తే వస్తుందని 2వ పాఠంలో చూశాం. 4 సెకన్ల గాలి అలకు 6.2, అందులో నాలుగో వంతు 1.6 మీటర్లు. దిగే నీరు అంత వేగం అందుకోవడం మొగల్లో మామూలే. 12 సెకన్ల స్వెల్‌ను ఆపాలంటే మాత్రం 4.7 మీటర్లు కావాలి. అంటే గాలి రేపిన చిల్లర అలలన్నీ మొగ బయటే ఎగసి, గొడవ చేసి, ఆగిపోతాయి. స్వెల్ ఆ గందరగోళంలోంచి నిటారుగా లోపలికి వస్తుంది. గట్టు మీదినుంచి చూస్తే అద్భుతంగా ఉంటుంది. అక్కడే మనిషి మోసపోయేది.

నేనూ మోసపోయాను. 1.5 మీటర్లు, 14 సెకన్లు, గాలి లేదు – ఇంకేం కావాలని దిగాను. ఆటు మొదలై మూడో గంట. అల పట్టుకుని, తిరిగి వచ్చే దారిలో కాలువలోకి జారాను. గట్టు మీద ఓ కరెంటు స్తంభం ఉంటే దాన్ని గుర్తు పెట్టుకుని ప్యాడిల్ చేశాను, అంటే బోర్డు మీద పడుకుని చేతులతో నీటిని తోశాను. పది నిమిషాల తర్వాత తలెత్తితే స్తంభం నాకు తిన్నగా అక్కడే ఉంది. ఇంకో ఐదు నిమిషాలకు నేనే వెనక్కి పోయాను. చేతులు అరిగిపోయాక బుద్ధి వచ్చి, అడ్డంగా, నురుగు విరుగుతున్న వైపు తిరిగాను. నాలుగు అలలు నన్ను చాకిరేవులో బట్టలా ఉతికి ఒడ్డున పడేశాయి. ఆ రోజు నురుగును తిట్టుకున్నాను గానీ, బయటికి తీసుకొచ్చింది అదే.

ఒలింపిక్ ఈతగాడు 100 మీటర్లను సుమారు 47 సెకన్లలో ఈదుతాడు, అంటే సెకనుకు రెండు మీటర్ల పైచిలుకు. ఇరుకు మొగలో దిగే నీరు ఆ వేగాన్ని అందుకోగలదు. ఇక మన చేతుల సంగతి వేరే చెప్పాలా.

అందుకే దిగే ముందు కొలవండి. కాలువ గట్టు మీద ఇరవై మీటర్లు అడుగులతో కొలిచి రెండు గుర్తులు పెట్టండి. ఓ ఎండు కొమ్మ నీళ్ళలోకి విసరండి. మొదటి గుర్తు దాటినప్పుడు వాచీ చూడండి, రెండోది దాటినప్పుడు మళ్ళీ చూడండి. ఇరవై సెకన్లు పడితే సెకనుకు మీటరు. అంతకన్నా తక్కువ సెకన్లు పడితే కాలువ దరిదాపులకు వెళ్ళకూడదన్నది నా నియమం. నాకన్నా బాగా ప్యాడిల్ చేసేవాళ్ళు నన్ను చూసి నవ్వుకోవచ్చు.

ప్రవాహం ఎప్పుడు బలంగా ఉంటుందో ఇంట్లోనే లెక్కేయవచ్చు. పోటు నుంచి ఆటుకు ఆరు గంటల చిల్లర. మొత్తం దిగాల్సిన నీటిని పన్నెండు భాగాలు చేస్తే గంటగంటకూ 1, 2, 3, 3, 2, 1 వంతున దిగుతుంది. మూడు, నాలుగు గంటలు గడ్డువి. ఇంకో మెలిక: సముద్రంలో ఆటు ముగిసి పోటు మొదలైనా, మొగలో నీరు కొంతసేపు బయటికే పోతూ ఉంటుంది, లోపల ఉన్నది ఖాళీ కావాలి కదా. ఆటుపోట్ల పట్టికలో ఆటు వేళ చూసి ‘ఇప్పుడు నీరు నిలకడ’ అనుకోవద్దు. అమావాస్యకూ పౌర్ణమికీ ఒకటి రెండు రోజుల తర్వాత పోటుకూ ఆటుకూ ఎత్తు తేడా అత్యధికం, అష్టమి దాటాక అత్యల్పం.

గాలి, వాన

గాలి గురించి 4వ పాఠంలో చెప్పిందే. ఎటునుంచి వస్తోందో అదే దాని దిక్కు. ప్రవాహానికి మాత్రం ఎటు పోతోందో అది దిక్కు. మొగ దగ్గర అదనపు లాభం ఒకటుంది. రాత్రి చల్లబడ్డ గాలి నదీలోయ వెంట జారి తెల్లవారుజామున సముద్రంలోకి వీస్తుంది. పక్క తీరంలో గాలి పడిపోయాక కూడా ఇక్కడ కాసేపు నిలబడుతుంది.

వాన విషయంలో తీరం మీద మబ్బు చూడొద్దు, నది పుట్టిన చోట పడిన వాన చూడాలి. ఇక్కడ ఎండ కాస్తుండగానే పైన పడ్డ వాన ఒకటి రెండు రోజుల్లో ఎర్రగా దిగి వస్తుంది. దుంగలు, ముళ్ళకంపలు, మురుగు అన్నీ దాంతోనే. గట్టి వాన తర్వాత మూడు రోజులు నీళ్ళలోకి దిగకపోవడం మంచిది. బురద నీళ్ళలో మనకేమీ కనబడదు. నదిలోకీ ఈదగల బుల్ షార్క్‌కు అలాంటి నీరే ఇష్టం.

ఒక వారం చదువుదాం

దక్షిణానికి తిరిగిన తీరం. శనివారం, విదియ. స్వెల్ 1.3 మీటర్లు, 13 సెకన్లు, 195 డిగ్రీల నుంచి (దాదాపు దక్షిణం). గాలి ఉదయం ఆరింటికి 350 డిగ్రీల నుంచి (నేల వైపు నుంచి) మెల్లగా, పదికల్లా 170 నుంచి (సముద్రం వైపు నుంచి) గట్టిగా. పోటు 5:40కి 1.9 మీటర్లు, ఆటు 11:52కి 0.3. గురువారం ఎగువన గట్టి వాన. మేట మీద కొంగ చెప్పిన లోతు: పట్టికలో సున్నా ఉన్నప్పుడు 0.6 మీటర్లు.

ఎత్తు చూస్తే నోరూరుతుంది. ఇప్పుడు వరసలో రండి. నది: వాన పడి రెండు రోజులే, నీరు ఎర్రగా దిగే రోజు. ఇక్కడే యాప్ మూసేయవచ్చు, కానీ పాఠం కాబట్టి ముందుకు పోదాం. ఆటుపోట్లు: నిండు పోటులో మేట మీద 2.5 మీటర్ల నీరు. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది కాబట్టి, 2.5లో విరగాలంటే 1.9 ఎత్తు కావాలి. మన అల మేట మీద లేచినా 1.6 ఉంటుందేమో. అంటే నీరు 2.1కి దిగాలి. పన్నెండు భాగాల లెక్కలో అది 7:40. సరిగ్గా అప్పుడే మూడో గంట మొదలు! అల విరగడం మొదలైన నిమిషం నుంచే కాలువ మింగడం మొదలుపెడుతుంది. పదింటికి గాలి చెడుతుంది. పైగా విదియ, దిగే నీరు అత్యధికం.

బుధవారం, షష్ఠికి పోదాం. స్వెల్ 1.0, 10 సెకన్లు. ఒకే తుఫాను నుంచి పొడుగు పీరియడ్ అలలు ముందొచ్చి పొట్టివి వెనక వస్తాయి కాబట్టి ఈ తగ్గుదల ఊహించిందే. బలం లెక్కేస్తే శనివారానికి 22, బుధవారానికి 10. సగం కూడా లేదు. కానీ పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ తొమ్మిదింటికి జరిగింది. తెల్లవారేసరికి నీరు ఎక్కుతోంది, ప్రవాహం లోపలికి. షష్ఠి కాబట్టి ఎత్తు తేడా ఒక మీటరే: ఆటు 0.6, పోటు 1.6. ఆరింటికి సగం నిండి 1.1, మేట మీద 1.7 మీటర్లు. అందులో 1.3 ఎత్తు అల విరుగుతుంది, మీటరు స్వెల్ మేట మీద లేస్తే దాదాపు అంతే. లోయ గాలి అలకు ఎదురు. ఎర్ర నీరు చాలావరకు దాటిపోయింది. ఏడు దాటితే నీరు ఎక్కువై అల మెత్తబడుతుంది.

నేనైతే శనివారం నిద్రపోయి, బుధవారం ఆరింటికి ముందే గట్టు మీద ఉంటాను, చేతిలో ఎండు కొమ్మతో.

వచ్చే పాఠానికి పని: అదే మేట, అదే లోతు. పౌర్ణమి వెళ్ళిన మర్నాడు, ఆటు 6:10కి 0.2 మీటర్లు, పోటు 12:20కి 1.8. స్వెల్ 1.1 మీటర్లు, 12 సెకన్లు. గాలి తొమ్మిది వరకు నేల నుంచి. పది రోజులుగా వాన లేదు. ఏ గంటకు దిగుతారు, ఏ గంటకు బయటికి వస్తారు? ఆటు తర్వాత మొగలో నీరు ఇంకా దిగుతుందన్న మాట మరిచిపోకుండా లెక్కేయండి. 6వ పాఠంలో సమాధానంతో మొదలుపెట్టి, బోయా (సముద్రంలో తేలుతూ అలలను కొలిచే పరికరం) అంకెలు చదవడం నేర్చుకుందాం.