తిరుపతిలో వీడియో, ఇంటరాక్టివ్ ఆర్ట్ ఎగ్జిబిషన్: అనుమతుల దరఖాస్తు విధానం

పెయింటింగుల ఎగ్జిబిషన్‌కు హాలు దొరికితే సగం పని అయినట్టే. వీడియో ఆర్ట్ సంగతి వేరు. గది చీకటి, నేలంతా వైర్లు, పైగా సౌండు. అర్జీ చదివే అధికారికి ముందు కనబడేవి ఇవే. కాబట్టి "వినూత్న కళానుభూతి" లాంటి మాటలు పక్కన పెట్టి, గదిలో ఏం జరుగుతుందో రాయండి: ఒక్కసారికి ఇరవై మందినే లోపలికి పంపుతాం, నాలుగు ప్రొజెక్టర్లు, రెండు స్పీకర్లు, రాత్రి ఎనిమిదికి మూసేస్తాం.

మొదట హాలువాళ్ల దగ్గర తేదీలతో లేఖ తీసుకోండి. మిగతా అర్జీలన్నిటికీ ఇదే జత చేయాలి. మేకులు కొట్టొచ్చా, కిటికీలకు నల్లగుడ్డ కట్టొచ్చా, రాత్రిళ్లు సామాన్లు లోపలే ఉంచొచ్చా అన్నవి కూడా అందులోనే రాయించుకోండి. టీటీడీ హాలు అడిగేటప్పుడు ఏ వీడియోలు వేస్తారో ముందే చెప్పడం మంచిది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, మే నెల గంగమ్మ జాతర రోజులు పెట్టుకోకండి. పోలీసులంతా బందోబస్తులో ఉంటారు.

ఆ తర్వాత ప్లాను. అర్జీకి ప్రాణం ఇదే. తలుపులు ఎటు తెరుచుకుంటాయి, ప్రొజెక్టర్లు ఎక్కడ, వైర్లు ఏ గోడ వెంబడి పోతాయి, మంటలార్పే సిలిండర్లు ఎక్కడ, అన్నీ ఒకే కాగితం మీద గీయండి. త్రో రేషియో (బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టర్ పెట్టాలో చెప్పే సంఖ్య) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌తో 2 మీటర్ల వెడల్పు బొమ్మ కావాలంటే 3 మీటర్ల దూరం కావాలి. ఆ మూడు మీటర్లలో జనం నడిస్తే గోడ మీద నీడ పడుతుంది. తోలుబొమ్మలాటలో నీడే ఆట, ఇక్కడ నీడ పడితే బొమ్మే పోతుంది. అందుకే దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే షార్ట్ త్రో ప్రొజెక్టరో, పైన బిగించేదో ఎంచుకుని, నడకదారి వేరేగా చూపించండి. బయటికి పోయే తలుపుకు నల్లపరదా అడ్డం కట్టొద్దు. అగ్నిమాపక శాఖకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం వెళ్లినా ముందు చూసేది ఆ తలుపునే.

కరెంటుకు ప్రతి యంత్రం వాట్లు రాసి కూడండి. హాలు లోడు చాలకపోతే కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్‌లో తాత్కాలిక కనెక్షన్‌కు దరఖాస్తు చేయాలి. దాని ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది.

సౌండుకు పోలీసుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, కాలేజీలు ఉన్న ఊరు కాబట్టి, మీ హాలు అందులో పడుతుందేమో ముందు చూసుకోండి. హెడ్‌ఫోన్లు పెడితే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

సినిమాటోగ్రాఫ్ చట్టం 1952 ప్రకారం బహిరంగంగా చూపే సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానిది. గ్యాలరీలో వేసే వీడియోకు అది అక్కర్లేదని మీకు మీరే తేల్చుకోకండి. వీడియోల పేర్లు, నిడివి, ఒక్కోదానికి నాలుగు వాక్యాల సారాంశంతో జాబితా సిద్ధం చేసి ముందే అడగండి. కళాకారుల సమ్మతి పత్రాలు, అందులో వాడిన పాటల హక్కులు కూడా చేతిలో ఉండాలి.

కెమెరాతో మనుషుల కదలిక పట్టి, దానికి తగ్గట్టు మారే ఇంటరాక్టివ్ కళాకృతి ఉంటే ప్రవేశద్వారం దగ్గర తెలుగులో బోర్డు పెట్టండి: ఏం రికార్డవుతుంది, ఎప్పుడు చెరిపేస్తారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని ఉంది. బడి పిల్లల్ని బస్సుల్లో పిలిచే ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోండి. నా మట్టుకు, ఏదీ భద్రపరచని కెమెరా పెట్టడమే సుఖం. సెకనుకు మూడుసార్లకు మించి మిణుకుమనే లైట్లుంటే మూర్ఛ ఉన్నవారికి ప్రమాదమని అదే బోర్డు మీద రాయండి.

ప్రతి అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్ర, ఇన్వర్డు నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకోవాలి. ఆ నంబరు లేకుండా మళ్లీ వెళ్తే ఫైలు వెతికే బాధ్యత మీ మీదే పడుతుంది.