మినుము వేళ్లపై బుడిపెలు నిండుగా రావాలంటే

గోదావరి డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పదును ఉండగానే మినుము చల్లే రైతులు, 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం (వేళ్ల బుడిపెల్లో ఉంటూ గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా) పొడిని చల్లారిన బెల్లం పాకంతో పట్టించి, నీడలోనే ఆరబెట్టుకోవాలి. శిలీంద్రనాశినితో విత్తనశుద్ధి చేయదలిస్తే అది ముందే ముగించాలి.

ఆ తర్వాత యూరియా విషయంలో చేయి బిగబట్టడమే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. యూరియా నేలలో నైట్రేటుగా మారుతుంది. ఆ నైట్రేటు పెరిగితే చిక్కుడు జాతి మొక్కల వేళ్లు సీఎల్ఈ అనే పెప్టైడ్లను, అంటే కబురు మోసే చిన్న ప్రొటీన్ ముక్కలను తయారుచేస్తాయి. అవి నీటిని పైకి మోసే దారువు గుండా ఆకులకు చేరి, అక్కడి గ్రాహకాలకు అతుక్కోగానే, కొత్త బుడిపెలు వద్దన్న కబురు వేళ్లకు తిరిగి వస్తుంది. నత్రజని కొరవడినప్పుడు మాత్రం సీఈపీ అనే మరో రకం పెప్టైడ్లు బుడిపెలను ప్రోత్సహిస్తాయి.

నెల రోజుల మొక్కను మట్టిగడ్డతో సహా తవ్వి, నీటిలో నానబెట్టి కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే నత్రజని స్థిరీకరణ సాగుతున్నట్టే.