వెనుక పేజీ అక్షరాల బెడద తీరిన విధం

మా చరిత్ర పరిశోధన గ్రంథాలయంలోని పాత పత్రికలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉంచినప్పుడు, పలుచని కాగితంలోంచి వెనుక పేజీ అక్షరాలు కూడా కనిపించి, స్కాన్ బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ రెండు వైపుల వరుసలనూ కలిపి చదవడంతో, వెతికిన పేర్లు దొరికేవి కావు. కాంట్రాస్టు పెంచితే అసలు అక్షరాల సన్నని గీతలే చెరిగిపోయాయి. చివరికి ప్రతి పేజీ వెనుక నల్ల కాగితం ఉంచి, 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కల స్పష్టతతో) మళ్లీ స్కాన్ చేశాను. పేజీ గుండా వెళ్లిన వెలుతురు తిరిగి రాకుండా నలుపు పీల్చుకుంటుంది కనుక ఆ నీడ అక్షరాలు దాదాపు మాయమయ్యాయి. పేజీ కొంచెం ముదురుగా వచ్చినా, దాన్ని సరిచేయడం తేలికే. మార్పులు చేయని టిఫ్ (స్కాన్ చిత్రాల) ఫైళ్లను భద్రపరచి, వాటి నుంచి తయారుచేసిన పీడీఎఫ్‌లను పాఠకులకు ఇస్తున్నాము. ముట్టుకుంటేనే అంచులు రాలిపోయే పేజీల వెనుక కాగితం దూర్చడానికి మాత్రం మనసొప్పక, మరమ్మతు అయ్యేదాకా వాటిని పక్కన పెట్టాను.