స్లోగా ఆపేటప్పుడు బ్రేక్ కాలిని తన్నుతోందా? డిస్కులు మార్చే ముందు ఆ దెబ్బలు లెక్కపెట్టండి

తిరుమల నుంచి దిగి, అలిపిరి దాటి, కపిలతీర్థం దారిలో ట్రాఫిక్‌లో పడ్డాక నాకు మొదటిసారి తెలిసింది. ఘాట్‌లో ఏ తేడా లేదు. స్పీడు పదిహేనుకు పడిపోయి, కారు ఇక ఆగబోతుందనగా పెడల్ గరగరమంటూ అరికాలిని తన్నింది. బ్రేకు ఒక్క క్షణం వదిలేసినట్టయింది. ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగాను. వెనక సీట్లో పిల్లలున్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాడు మెకానిక్‌కు చూపిస్తే "డిస్క్ బెండ్ అయ్యుంటాదన్నా, కొండ దిగే బండ్లకు ఇది మామూలే" అన్నారు. ముందు చక్రాల రెండు బ్రేక్ డిస్కులు, వాటిని నొక్కి పట్టే ప్యాడ్లు మార్చారు. వారం తిరక్కముందే మళ్ళీ అదే గరగర. అసలు తప్పు ముందు ఎడమ చక్రం దగ్గర, దాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ మీదున్న ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ కొట్టినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) రింగుది. దానికి తుప్పు పట్టింది. కొత్త డిస్క్ బిగించిన చోటికి బెత్తెడు దూరంలోనే ఉన్నా ఎవరూ దాన్ని చూడలేదు. తీసేసిన డిస్కులను తర్వాత కొలిపిస్తే వాటిలో ఏ లోపమూ లేదు.

అందుకే చెబుతున్నాను, స్పానర్ పట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

మొదట లెక్క

పొద్దున్నే ఖాళీగా ఉండే చదునైన రోడ్డు చూసుకోండి. ఘాట్‌లో ఈ పరీక్షలు వద్దు. ముప్పైలో వెళ్తూ మెల్లగా బ్రేక్ నొక్కి, కాలికి తగిలే దెబ్బలు లెక్కపెట్టండి.

చిన్న కారు చక్రం ఒక చుట్టు తిరిగితే బండి రెండు మీటర్లకు కాస్త తక్కువ దూరం కదులుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు మూడు చుట్లు తిరుగుతుంది. 10కి తగ్గితే ఒకటిన్నర. డిస్కులోనో డ్రమ్ములోనో (చాలా చిన్న కార్లలో వెనక చక్రాలకు డిస్కు బదులు ఉండే గిన్నె లాంటిది) తేడా ఉంటే దెబ్బ చక్రం చుట్టుతో పాటే వస్తుంది. ధబ్, ధబ్, ధబ్ అని లెక్కపెట్టగలిగేలా ఉంటుంది. కారు స్లో అయ్యేకొద్దీ అదీ స్లో అవుతుంది.

ఏబీఎస్ అయితే లెక్కకు అందదు. గర్ర్‌మని ఒకేసారి తన్నుతుంది, బానెట్ కింద మోటారు శబ్దం వినిపిస్తుంది. కారు ఎంత స్లో అయినా ఆ గరగర వేగం మారదు. పైగా అరవైలో బ్రేక్ కొడితే ఏమీ ఉండదు, ఆగే చివర్లోనే వస్తుంది.

గరగర అయితే: ఏబీఎస్ సెన్సర్, రింగు

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఈ సమస్య ఇప్పుడు చిన్న బండ్లలో కూడా కనిపిస్తుంది. ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్, దాని ఎదుట పళ్ళ రింగో అయస్కాంతపు రింగో ఉంటాయి. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటర్‌కు చెప్పేది ఆ జతే. రింగు మీద తుప్పు ఉబ్బినా, సెన్సర్ మొనకు ఇనుపరజను అంటినా, చక్రం బేరింగ్ అరిగి ఊగడం వల్ల రెండింటి మధ్య సందు పెరిగినా సిగ్నల్ బలహీనపడుతుంది. పాత రకం సెన్సర్లలో స్పీడు తగ్గితే సిగ్నల్ ఎలాగూ తగ్గుతుంది. అందుకే చివర్లో ఆ ఒక్క చక్రం ముందుగానే సున్నా చూపిస్తుంది. చక్రం లాక్ అయిందనుకుని కంప్యూటర్ ఆ బ్రేకును వదులుతూ, మళ్ళీ పడుతూ ఉంటుంది. రోడ్డు పొడిగా ఉన్నా అంతే.

డాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలగలేదని సెన్సర్లను పక్కన పెట్టేస్తారు. నా బండి విషయంలో జరిగిందీ అదే. సిగ్నల్ పూర్తిగా తెగిపోతే లైటు వస్తుంది. బలహీనపడితే రాకపోవచ్చు, ఎందుకంటే కంప్యూటర్ లెక్కలో అది లోపం కాదు, నిజంగానే చక్రం ఆగిపోవడం.

తేల్చుకోవడానికి మంచి దారి స్కానర్, అంటే కారు కంప్యూటర్‌ను చదివే పరికరం. లోపాల కోడ్ మాత్రం చదివి "ఏమీ లేదు సార్" అంటే ఒప్పుకోకండి. నాలుగు చక్రాల వేగం లైవ్‌గా పెట్టించి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని నేరుగా నడుపుతూ ఇరవై నుంచి ఆగేదాకా చూడమనండి. మూడు చక్రాలు 8 చూపిస్తుంటే ఒకటి సున్నాకు పడిందంటే దొంగ దొరికినట్టే. స్కానర్ దొరక్కపోతే ఏబీఎస్ ఫ్యూజు తీసి, ఖాళీ స్థలంలో ఇరవై దాటకుండా ఒకసారి నడిపి చూడవచ్చు. గరగర పోతే కారణం ఏబీఎస్‌లోనే ఉంది. లైటు వెలుగుతుంది, భయం లేదు. కానీ ఫ్యూజు తీసినంతసేపు గట్టిగా బ్రేక్ కొడితే చక్రాలు లాక్ అవుతాయి. పరీక్ష కాగానే మళ్ళీ పెట్టేయండి, అలా ట్రాఫిక్‌లోకి వెళ్ళకండి.

మరమ్మతు చాలాసార్లు చిన్నదే. సెన్సర్ ఊడదీసి మొన తుడవాలి. అది కూర్చునే చోట తుప్పు గీకాలి. రింగును వైర్ బ్రష్‌తో శుభ్రం చేయాలి, కానీ అయస్కాంతపు రింగు మీద బ్రష్ వేయకూడదు. రింగు పగిలితే మార్చాల్సిందే. రింగు బేరింగ్‌లోనే ఉండే కార్లలో బేరింగ్ తిరగేసి బిగిస్తే సెన్సర్ చదవదు, కాబట్టి ఈమధ్యే బేరింగ్ మార్చి ఉంటే మొదటి అనుమానం అక్కడే.

ధబ్ ధబ్ అయితే: డిస్కు, డ్రమ్ము

స్టీరింగ్ కూడా ఊగుతుంటే తప్పు ముందు చక్రాల డిస్కులది. స్టీరింగ్ కదలక సీటు, పెడల్ అదిరితే వెనక చూడాలి. వెనక డ్రమ్ములున్న కారులో దీనికి సులువైన పరీక్ష ఉంది: ఖాళీ రోడ్డులో ఇరవైలో వెళ్తూ, హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి పట్టుకునే మెల్లగా లాగండి. కాలు పెడల్ మీద లేకుండానే బండి అదిరితే డ్రమ్ము ఓవల్ అయింది.

డిస్కు విషయంలో "బెండ్" అన్న మాట వెంటనే నమ్మొద్దు. ఎక్కువసార్లు డిస్కు వంగదు, మందం చుట్టూ సమానంగా ఉండదు. 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు, కాలికి తెలుస్తుంది. మా తిరుపతి బండ్లకు అది ఎలా వస్తుందో చూడండి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులోనే ఇప్పుడు అందరం దిగుతాం. దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్న నియమం ఉంది. మూడో గేరులోనో న్యూట్రల్‌లోనో వదిలేసి, అంతసేపూ బ్రేక్ మీద కాలుంచి దిగితే డిస్కు మండిపోతుంది. కింద ఆగి పెడల్ గట్టిగా నొక్కి పట్టుకుంటే, వేడి ప్యాడ్ పదార్థం ఆ ఒక్క చోట డిస్కుకు అంటుకుంటుంది. ఆ మచ్చే తర్వాత దెబ్బగా తగులుతుంది. ఇంకొందరు దిగీ దిగగానే వాటర్ వాష్‌కు ఇస్తారు. ఎర్రగా కాగిన పెనం మీద చన్నీళ్ళు పోసినట్టే అది. దయచేసి అరగంటైనా ఆగండి.

మెకానిక్‌ను అడగాల్సింది డయల్ గేజ్‌తో ఊపు (తిరిగేటప్పుడు డిస్కు పక్కకు ఎంత ఊగుతోందో), మైక్రోమీటర్‌తో మందం కొలవమని. ఊపు సుమారు 0.05 మిల్లీమీటర్లు దాటితే ముందు డిస్కు తీసి హబ్ ముఖం మీద తుప్పు గీకి మళ్ళీ కొలవాలి. చాలాసార్లు అక్కడికే సరిపోతుంది. డిస్కును లేత్ పట్టించి చదును చేయించే ముందు డిస్కు మీద అచ్చువేసిన కనీస మందం చూడండి. దానికంటే తగ్గేలా ఉంటే కొత్తవే, రెండు పక్కలా జతగా. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జరిగే పిన్నులు జామై ఉంటే అవి శుభ్రం చేయకుండా డిస్కు మార్చడం డబ్బు దండగ.

పంక్చర్ వేయించుకున్నాకే మొదలైందా? గన్‌తో నట్లు ఎక్కువ తక్కువలుగా బిగించి ఉంటారు. వదులు చేసి, ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్నంతే బిగించండి. వానలో రెండు రోజులు నిలిపిన కారులో పొద్దున బ్రేక్ నొక్కితే వచ్చే రాపిడి శబ్దం పైపై తుప్పుదే. నాలుగైదు బ్రేకులకు పోతుంది.

దెబ్బ కాకుండా పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే సంగతి వేరు. ఘాట్‌లో అలా అయితే రెండో గేరు, అవసరమైతే మొదటి గేరు వేసి, పెడల్ పంప్ చేస్తూ, హ్యాండ్ బ్రేక్ మెల్లగా వాడుతూ కొండ వైపు పక్కకు తీసి ఆపండి. బ్రేక్‌లు పూర్తిగా చల్లారినా కిందికి నడపొద్దు, సాయం పిలవండి. బ్రేక్ ఆయిల్ మార్చి, లీకులు చూపించాకే ఆ బండి మళ్ళీ కొండెక్కాలి.